కోనసీమ బాటలకు కారు టైర్లు

కారు కొనదలచినప్పుడు దాని రంగును గూర్చి ఇంటిల్లిపాదియు చర్చించుట మనవైపు పరిపాటి. టైర్ల మాట ఎత్తువారు అరుదు. కారును నేలకు అంటిపెట్టుకొని ఉండునది మాత్రము ఆ నాలుగు టైర్లే. ఒక్కొక్కటి నేలను తాకు మేర మన అరచేయికంటె ఎంతో పెద్దది కాదు.

ఒక శ్రావణమాసమున మేము కొత్తపేట దాపున ఒక పల్లెకు రైతుల సంభాషణ రికార్డు చేయుటకై వెళ్లినాము. మా జీపుకు పెద్ద పెద్ద దిమ్మలున్న బురద టైర్లు వేయించియుండిరి. లంకబాటలో అది ఏనుగువలె నడచినది. మాకు గర్వము కూడ కలిగినది. తిరుగు ప్రయాణములో కాలువగట్టుపైని సిమెంటు రోడ్డు ఎక్కితిమి. దమ్ముచక్రాల ట్రాక్టరు విదిల్చిన మట్టి, దానిపై సన్నని తుంపర. డ్రైవరు బ్రేకు తొక్కినంతనే జీపు వెనుకభాగము పక్కకు జారి, ముందుచక్రము గట్టు దాటినది. ఒక కొబ్బరిచెట్టు అడ్డుపడినది. అది లేకున్న ఈ ప్రసంగమును మీరు వినియుండరు. పొలములోని రైతులు మోకులు కట్టి మమ్ము పైకి లాగిరి.

బురదలో అంత ధీరముగా నడచిన టైరు రోడ్డుపై ఏల జారెను? దిమ్మల నడుమ వెడల్పైన సందులుండుటచే రోడ్డును తాకు రబ్బరు తక్కువ. నీటిపొరను తుడుచుటకు వలయు సన్నని గాట్లు అందు స్వల్పము. మామూలు రోడ్డు టైరు తడిరోడ్డును బాగుగా పట్టును గాని, ఒండ్రుమట్టిలో దాని చాళ్లు వెంటనే పూడిపోవును. ఈ రెంటికి నడిమిది ‘ఆల్ టెరైన్’ టైరు. అమలాపురము, రాజోలుల మీదుగా పోవు 216వ నంబరు జాతీయ రహదారిని విడువని వారికి మామూలు టైరే మేలు. నిత్యము లంకతోటలకు పోవువారికి నడిమిరకము తగును. బురద టైరు కేవలము చేలలో తిరుగు బండికే. వాన వెలిసిన జిగట రేగడిలో మాత్రము ఏ టైరును నమ్మరాదు. కారు రోడ్డుమీద విడిచి, చెప్పులు చేత పట్టుకొని నడచుట ఉత్తమము.

అమెరికాలోని మన పిల్లలు చలికాలపు టైర్లు కొనుమని వ్రాయుట కలదు. మూడు శిఖరముల కొండ, అందు మంచుపువ్వు గుర్తుగా గల ఆ టైర్ల రబ్బరు మెత్తనిది. సుమారు 7 డిగ్రీలకు దిగువ చలిలో అది గట్టిపడక రోడ్డును పట్టును. మన పుష్యమాసపు చలి దానికి చలియే కాదు. మన ఎండకు అది త్వరగా అరిగిపోవును.

కొనునప్పుడు టైరు పక్కన ముద్రించిన అంకెలను చదువుడు. కడపటి నాలుగంకెలు 2324 అని ఉన్నచో 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. దుకాణములో ఏండ్ల తరబడి నిలువయున్నది, ఎంత నిగనిగలాడినను, వలదనుడు. చాళ్ల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న కట్టలుండును. రబ్బరు వాని సమమునకు అరిగినచో టైరు మార్చవలసినదే. మన వానలకు అంతవరకు ఆగకుండుట మంచిది. అంతర్వేది వైపు ఇసుకలో గాలి కొంత తగ్గించిన చక్రము దిగబడదు. రోడ్డెక్కగనే మరల నింపవలెను. చేతిలో సొమ్ము చాలక రెండే కొత్తవి కొన్నచో, వానిని వెనుకచక్రములకు వేయించుడు. మా జీపు జారినది వెనుకనుండియే.