ఎరుగని అతిథి ప్రశ్నలు



రజతోత్సవ సభలో, పుస్తకముల నడుమ, సినిమా మాట యేల యని సంశయించువారు కొందరుందురు. ప్రశ్న పుట్టించునది యేదైనను గ్రంథాలయమునకు చుట్టమే గదా.

కొత్తవాడు ఊరికి వచ్చి దారి యడిగినచో ఎవరైనను చూపుదురు. వాడే "ఈ దారి ఇట్లేల వంకరపోయినది?" అని యడిగినచో మొదట నవ్వు వచ్చును, పిదప కొంచెము కోపమును వచ్చును. ఆ నవ్వును, ఆ కోపమును ఒక్క కథలో ఇమిడ్చిన హిందీ హాస్యచిత్రము "పీకే". 2014 డిసెంబరు 19న విడుదలయైన ఈ చిత్రమునకు రాజ్‌కుమార్ హిరానీ దర్శకుడు, ఆమిర్ ఖాన్ నాయకుడు.

తెలుగువారికి పరలోకపు అతిథి కొత్తవాడు కాడు. 1977లో "యమగోల", 1994లో "యమలీల" వచ్చినవి. యమలీలలో యముడు పోగొట్టుకొన్న భవిష్యవాణి గ్రంథమును వెదకుచు చిత్రగుప్తునితో నగరమునకు దిగును. కైకాల సత్యనారాయణ కిరీటము ధరించి వీధిలో నిలిచినపుడు జనము పడిపడి నవ్విరి. కాని ఆ నవ్వు యముని మీదిది. ఐస్‌క్రీముకు మురిసిపోవు దండధరుని చూచి ప్రేక్షకుడు తానే తెలివిగలవాడనుకొనును. పీకేలో ఈ వరుస తలక్రిందులైనది.

అందును పోయిన వస్తువే కథకు మూలము. వేరొక గ్రహమునుండి రాజస్థానములో దిగినవాని మెడలోని రిమోటును దొంగ లాగుకొని పోవును. అది లేనిదే తన నౌకను పిలువలేడు. వానికి కట్టుగుడ్డ లేదు, భాష రాదు. ఒక స్త్రీ చేయి ఆరు గంటలు పట్టుకొని భోజపురి నేర్చుకొనును. వస్తువును గూర్చి యెవరినడిగినను "దేవుడే దిక్కు" అందురు. జనము ఊతపదముగా అనుమాటను అతడు చిరునామాగా గ్రహించును. వాని చేష్టలు చూచి "తాగి వచ్చితివా?" అని లోకులు అడుగుటచేతనే పీకే యను పేరు నిలిచినది.

గుడి వాకిట చెప్పులకు తాళము వేసి లోనికి పోవును. హుండీలో రుసుము చెల్లించినను పని కాలేదు గనుక సొమ్ము తిరిగి తీసికొనజూచును. కొబ్బరికాయతో చర్చికి పోవును. అచట ద్రాక్షాసవపు మాట విని, సీసాలతో మసీదునకు పోయి తరుమబడును. తెల్లచీర భర్తను పోగొట్టుకొన్నదానికి గుర్తని నేర్చి, తెల్లని దుస్తులలోనున్న క్రైస్తవ వధువునకు సానుభూతి తెలుపును. ఇందు వెక్కిరింత లేదు. ఇల్లు చేరవలెనను ఆత్రము మాత్రమే కలదు. అందుచేతనే పెక్కుమంది కోపము మరచి విన్నారు. విననివారును ఉండిరి. కొన్నిచోట్ల ప్రదర్శనలకు ఆటంకములు కలిగినవి. చిత్రముపై వచ్చిన వ్యాజ్యమును ఢిల్లీ హైకోర్టు 2015 జనవరిలో త్రోసిపుచ్చినది.

నిజమునకు ఇట్టి ప్రశ్నలకై ఆకాశమునుండి మనిషి దిగనక్కరలేదు. రాతిపూజను, కులగర్వమును ఎత్తిపొడిచిన వేమన పద్యములు బడిపిల్లలకు సైతము వచ్చును. బనగానపల్లెలో పశువులు కాచెనని ప్రసిద్ధిగల పోతులూరి వీరబ్రహ్మము దూదేకుల సిద్ధయ్యను శిష్యునిగా స్వీకరించెను.

చిత్రములో మిక్కిలి పదునైన ఘట్టము రాతిది. పరీక్షల వేళ కళాశాల వాకిట చెట్టుక్రింద పీకే యొక రాయి నిలిపి, తాంబూలపు ఎరుపు పూసి, కొన్ని నాణెములు ఉంచును. చూచుచుండగనే విద్యార్థులు మ్రొక్కి డబ్బు వేయుదురు. భయమున్నచోట పెట్టుబడి లేకయే వ్యాపారము సాగునని వాని నిరూపణము. రాతిని విగ్రహముగా మలచు శిల్పులు ఆళ్లగడ్డలోనే యున్నందున రుద్రవరమువారికి ఈ ఘట్టము మరింత దగ్గరిది. ఉలి క్రింద నున్నంతకాలము అది రాయియే. దాని బరువు, దాని పగులు శిల్పికి తెలియును. ప్రతిష్ఠ జరిగిన పిమ్మట ఆ శిల్పియు చేతులు జోడించును. అంతయు తెలిసి మ్రొక్కువాడు మోసపోయినవాడా? చిత్రము ఈ ప్రశ్న జోలికి పోలేదు.

ఇదియే దాని కొరత. పీకేకు ఎదురైన భక్తిలో అధికభాగము భయమే. అహోబిల నరసింహుని పారువేటను అతడు చూడలేదు. కనుమనాడు బయలుదేరి 40 దినములకు పైగా స్వామి పల్లకిలో పల్లెపల్లెకు తిరిగి తన పెండ్లికి తానే పిలుచునని ఈ సీమవారి నమ్మకము. చెంచులక్ష్మిని పెండ్లాడినవాడు గనుక చెంచులకు ఆయన అల్లుడు. అల్లుని వద్ద రుసుము లెక్క సాగదు, చుట్టరికమే సాగును. అయినను, దొంగసొత్తయిన రిమోటునే శివుని డమరుకపు మణి యని చూపి సొమ్ము గడించు తపస్వి మహారాజు వంటివారు ఏ సీమలోనైనను పుట్టవచ్చును. అట్టివారికి పోవు మొరలను పీకే "రాంగ్ నంబరు" అనును. ఆ మాట జనవాక్కులో నిలిచిపోయినది.

వాని లోకమున అబద్ధము లేదు. తిరిగిపోవునాడు తనకు చేయూతనిచ్చిన విలేఖరి జగ్గుతో, టేపులనిండ భూలోకపు ధ్వనులు నింపుకొంటినని చెప్పును. వానిలో నున్నది ఆమె గొంతు. ఆ అబద్ధమును అతడు భూమిమీదనే నేర్చెను. ఒక సంవత్సరము గడచిన పిదప, తన లోకపువారిని వెంటబెట్టుకొని, ఇచట ఎట్లు మెలగవలెనో పాఠము చెప్పుచు మరల ఎడారిలో దిగుటతో కథ ముగియును.