మొక్కుబడికి ముందు జమాఖర్చు

(చిన్న వ్యాపారులు, కుటీర పరిశ్రమల యజమానుల కోసం ట్రస్టు కల్యాణ మండపంలో ఏర్పాటైన సమావేశంలో ఒక ఆడిటర్ చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారంలో లక్ష్యాలు ఏర్పరచుకొనే పద్ధతిని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని నన్ను ఆదేశించారు. ఆలయ ప్రాంగణంలో ఆడిటర్‌కు ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. ముప్పై ఏళ్లకు పైబడి చిన్న వ్యాపారుల పుస్తకాలు చూడడం నా వృత్తి. ఆ పుస్తకాలలో చాలావాటికి మొదటి పుట మీద పసుపు కుంకుమల గుర్తు ఉంటుంది, దాని పైన ‘శ్రీ’ అని ఉంటుంది. కొన్నింటిలో స్వామివారి పేరిట ప్రత్యేకంగా ఒక ఖాతా కూడా ఉంటుంది. కనుక ఇక్కడి విషయం, అక్కడి విషయం నాకు ఎన్నడూ రెండుగా కనిపించలేదు.

వ్యాపారి సన్నిధిలో నిలబడి కోరే కోరిక సాధారణంగా ఒకటే. ‘ఈ ఏడు టర్నోవర్ కోటి దాటాలి స్వామీ’ అంటాడు. కోరికలో దోషం లేదు. అయితే అది లక్ష్యం కాదని నేను వినయపూర్వకంగా మనవి చేస్తున్నాను. టర్నోవర్ అంటే మన కాలువ గుండా పారిపోయే నీరు. మన చెరువులో నిలిచేది ఎంత అన్నది వేరే ప్రశ్న. కాలువ నిండుగా పారుతూ ఉండగానే చెరువు ఎండిపోయిన సంస్థలను నేను చాలా చూశాను. నష్టాలు వచ్చి మూతపడిన దుకాణాల కంటే, పుస్తకంలో లాభం ఉండి చేతిలో రొక్కం లేక మూతపడిన దుకాణాలే నా అనుభవంలో ఎక్కువ.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆ కుటుంబం ఎవరో గుర్తుపట్టడానికి వీలు లేకుండా వివరాలు కొంత మార్చి, అంకెలను గుండుగా చెబుతున్నాను. గుంటూరు ప్రాంతంలో ఒక గృహిణి ఊరగాయలు, పొడులు తయారుచేసి అమ్ముతారు. ఇంటి వెనుక రేకుల షెడ్డులో మొదలుపెట్టి ఏడాదికి 60 లక్షల అమ్మకానికి చేరారు. వ్యాపారం నిలదొక్కుకుంటే ‘వచ్చినదానిలో పదో వంతు’ స్వామికి సమర్పిస్తానని మొక్కుకున్నారు. అమ్మకం నెలకు 5 లక్షలు కనుక నెలకు 50 వేల చొప్పున నాలుగు నెలలు, అంటే 2 లక్షలు, భక్తితో చెల్లించారు. అయిదో నెలలో షెడ్డులో పనిచేసే ఆరుగురు స్త్రీలకు రెండు వారాల కూలి ఆగిపోయింది. మిర్చి కొట్టువారి బాకీ పెరిగింది. ఆమె మెడలోని గొలుసు తాకట్టుకు వెళ్లింది. అప్పుడు పుస్తకాలు పట్టుకొని నా వద్దకు వచ్చారు. ‘అమ్మకాలు తగ్గలేదు, మొక్కు తప్పలేదు, మరి డబ్బు ఏమైనట్లు?’ అని అడిగారు.

ఇద్దరం కూర్చొని లెక్క వేశాం. 60 లక్షల అమ్మకంలో మామిడికాయ, కారం, ఆవపిండి, నువ్వుల నూనె, ఉప్పు వగైరా ముడిసరుకు ఖర్చు 36 లక్షలు. కూలి, సీసాలు, రవాణా, అద్దె, కరెంటు కలిపి 15 లక్షలు. బ్యాంకు అప్పు మీద వడ్డీ 2 లక్షలు. మిగిలింది 7 లక్షలు. ‘అయితే లాభం ఏడు లక్షలే కదా’ అన్నారామె. తెల్లవారుజామున నాలుగు గంటల నుండి రాత్రి వరకు ఆమె చేసే పనికి జీతం ఎక్కడ రాశారని అడిగాను. చదువు ముగించి తల్లికి తోడుగా నిలిచిన కుమారుడి జీతం ఎక్కడ రాశారని అడిగాను. ఆమె స్థానంలో మరొకరిని పెట్టుకుంటే నెలకు 25 వేలు, కుమారుడి స్థానంలో 20 వేలు ఇవ్వక తప్పదు. ఏడాదికి ఆ రెండూ కలిపి 5 లక్షల 40 వేలు. అది తీసివేస్తే నికరంగా మిగిలిన లాభం 1 లక్షా 60 వేలు.

ఇప్పుడు పదో వంతు ఎంతో చూడండి. అమ్మకంలో పదో వంతు 6 లక్షలు. ఆమె లాభం అనుకొన్నదానిలో 70 వేలు. నిజమైన లాభంలో 16 వేలు. మొక్కు మాట ఒక్కటే, దాని వెనుక మొత్తాలు మూడు. ఆ మూడింటిలో మొదటిది చెల్లించాలంటే మిర్చి వ్యాపారి సొమ్మునో, కూలివారి సొమ్మునో తీసి హుండీలో వేయడం తప్ప గత్యంతరం లేదు. అప్పుడు దాత ఎవరు? రసీదు మీద పేరు ఆమెది, సొమ్ము మరొకరిది. మొక్కు మాటను ఎలా సవరించుకోవాలన్నది అర్చకస్వాములు చెప్పవలసిన విషయం, ఆ అధికారం నాకు లేదు. పరుల సొమ్ము దానం చేయడానికి వీలులేదన్న మాట మాత్రం ఆడిటర్‌గా చెప్పగలను.

పరుల సొమ్ము అన్నప్పుడు ఇంకొకటి గుర్తుకు వస్తోంది. జీఎస్టీ పేరిట మీరు కొనుగోలుదారు వద్ద వసూలు చేసేది కూడా మీది కాదు. నెలనెలా రిటర్ను వేసేవారు మరుసటి నెల 20వ తేదీలోగా ప్రభుత్వానికి జమచేయవలసిన సొమ్ము అది. ఆ కొద్ది రోజులు మన ఖాతాలో ఉండడంతో మనదే అన్న భ్రమ కలుగుతుంది. అందుకోసం వేరే బ్యాంకు ఖాతా తెరిచి వచ్చిన రోజే అందులోకి మార్చివేసేవారిని చూశాను. వారికి 19వ తేదీ రాత్రి నిద్ర పడుతుంది.

మళ్లీ ఊరగాయల దగ్గరకే వద్దాం, ఎందుకంటే లక్ష్యాలను గురించి నేను చెప్పదలచినది అంతా ఆ షెడ్డులోనే ఉంది. కొత్త మిర్చి యార్డుకు వచ్చేది చలి తగ్గిన తరువాత. ఆవకాయ మామిడి దొరికేది వేసవిలో. అంటే ఏడాది పొడవునా అమ్మే సరుకుకు కావలసిన దినుసుల్లో అధికభాగం మూడు నాలుగు నెలల్లోనే కొనాలి. ఆమె విషయంలో 36 లక్షల ముడిసరుకులో 24 లక్షలు మార్చి నుండి జూన్ లోపల చేతి నుండి వెళ్లిపోతాయి. ఆ డబ్బు సీసా సీసాగా తిరిగి రావడానికి మరుసటి సంక్రాంతి అవుతుంది. పైగా ఒక పెద్ద సూపర్ బజారు ఆమె సరుకు తీసుకొని 60 రోజులకు డబ్బు ఇస్తుంది. మొత్తం అమ్మకం వారికే అనుకుంటే ఎప్పుడు చూసినా 10 లక్షలు వారి దగ్గరే ఉంటాయి. ఇప్పుడు స్వామి కరుణించి అమ్మకం రెట్టింపు చేశాడనుకోండి. వేసవిలో కావలసిన రొక్కం 24 లక్షల నుండి 48 లక్షలకు, బజారులో నిలిచిపోయేది 10 నుండి 20 లక్షలకు పెరుగుతుంది. ఆ తేడాను ఎవరు పూడుస్తారు? నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చే పెద్దమనిషి పూడుస్తాడు. రెండు రూపాయలే కదా అనిపిస్తుంది, ఏడాదికి అది 24 శాతం. 60 లక్షల మీద 1 లక్షా 60 వేలు మిగిలే వ్యాపారం ఆ వడ్డీని మోయలేదు. కోరిన వరం లభించిన ఏడాదే ఆ కుటుంబం కూలిపోతుంది.

అందుచేత ‘ఎంత అమ్మాలి’ అన్న లక్ష్యాన్ని ఆమె చేత పక్కన పెట్టించి, దాని స్థానంలో చిన్నవి కొన్ని రాయించాను. వచ్చే మార్చి 1వ తేదీ నాటికి ముడిసరుకు కోసం 8 లక్షలు సొంత రొక్కం నిల్వ ఉండాలి. బజారువారి 60 రోజులు 45 కావాలి, ఆ మాట మాట్లాడే బాధ్యత కుమారుడిది. పన్నెండు రకాల పచ్చళ్లలో సీసాకు ఎంత మిగులుతోందో ఒక్కొక్కటిగా తేల్చాలి. ఈ మూడవ పనిలో తేలిన విషయం ఏమిటంటే, అందరూ మెచ్చుకొనే రెండు రకాల మీద ఆమెకు ఏమీ మిగలడం లేదు. వాటిలో ఒకదాని ధర పెంచారు, మరొకటి మానుకున్నారు. నాకు ఇష్టమైనది ఆ మానుకున్నదే, అది వేరే సంగతి.

లక్ష్యం అంటే నా దృష్టిలో ఇంతే. దానికి తేదీ ఉండాలి, చేసే మనిషి పేరు ఉండాలి, నెరవేరిందా లేదా అన్నది పరాయివాడు వచ్చి చూసినా తెలియాలి. ‘బాగా అభివృద్ధి చెందాలి’ అన్నది ఆశీర్వచనానికి సరిపోతుంది, చిట్టా పుస్తకానికి సరిపోదు.

అరువు సంగతిలో చట్టం మీకు కొంత అండగా ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం, వ్రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో కొనుగోలుదారు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలవారీ చక్రవడ్డీ, ఇవ్వవలసి ఉంటుంది. 2023–24 ఆర్థిక సంవత్సరం నుండి, గడువు దాటిన బిల్లును నిజంగా చెల్లించేవరకు ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవడానికి కూడా వీలులేకుండా చేశారు. అయితే ఈ రక్షణ కోరేవారు ఉద్యమ్‌లో నమోదై ఉండాలి. 2020 జూలై 1న మొదలైన ఆ నమోదు పూర్తిగా ఉచితం. దానికి వేలకు వేలు తీసుకొనే మధ్యవర్తులు ఊరికి ఇద్దరు ఉన్నారు, వారికి దక్షిణ ఇవ్వకండి. ఇక పెద్ద కొనుగోలుదారు మీద ఫిర్యాదు చేయడానికి చిన్న వ్యాపారి జంకుతాడని నాకు తెలుసు. అందువల్ల చట్టాన్ని సరుకు పంపిన తరువాత కాక, ఆర్డరు మాట్లాడుకొనేటప్పుడే ప్రస్తావించడం మేలు. మొదటి రోజు మర్యాదగా చెప్పిన మాట తొంభయ్యో రోజున చేసే గొడవ కంటే బాగా పనిచేస్తుంది.

దానధర్మాలకు, వ్యాపారానికి ఉన్న వరుసను గురించి మన తెలుగువారిలోనే గొప్ప ఉదాహరణ ఉంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించారు. కొత్త మందును ఎవరు నమ్ముతారు? సంగీత సభలకు వచ్చినవారికి ఆయన దానిని ఉచితంగా పంచారని ప్రసిద్ధి. చూడడానికి అది దానమే, పుస్తకంలో అది ప్రచార వ్యయం. ఎంత పంచాలో, ఎవరికి పంచాలో తెలిసి చేసిన ఖర్చు. ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది 1908లో, అంటే పదిహేనేళ్ల తరువాత. 1914లో అది మద్రాసు నుండి దినపత్రిక అయింది. భారతి మాసపత్రిక 1924లో వచ్చింది. ‘విశ్వదాత’ అని లోకం పిలిచిన ఆ మహనీయుని చేయి అంత ధారాళంగా ఆడిందంటే, దాని వెనుక ఏళ్ల తరబడి నిలిచిన ఒక వ్యాపారం ఉంది.

రెండవ ఉదాహరణ ముంబయిలోని గిర్గాం ప్రాంతానిది. 1959 మార్చి 15న ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చుకొని అప్పడాలు ఒత్తడం ప్రారంభించారు. మొదటి రోజు తయారైనవి నాలుగు పొట్లాలు. అదే నేటి లిజ్జత్. కష్టం వచ్చినా విరాళం పుచ్చుకోరాదని ఆ తల్లులు ఆదిలోనే నిశ్చయించుకున్నారు. ఉదయం పిండి తీసుకువెళ్లిన సోదరి ఒత్తిన అప్పడాలు తూకం వేసి ఇచ్చినప్పుడు కూలి అందుకుంటుంది. ఎవరి శ్రమకు ఎంత విలువ అన్నది అక్కడ తక్కెడే చెబుతుంది, లాభం ఆ తరువాతి మాట. మన ఊరగాయల గృహిణి పుస్తకంలో లేకపోయింది సరిగ్గా ఇదే.

అన్నదమ్ముల భాగస్వామ్యాలను గురించి కూడా మాట్లాడమన్నారు. దానికి ఒక్క మాట చాలు. ప్రేమగా ఉన్న రోజుల్లోనే కాగితం రాసుకోండి.

ఇక ఆచరణ. వారానికి ఒక అరగంట కేటాయించండి. శనివారం దర్శనానికి వచ్చే అలవాటు ఉన్నవారు, దుకాణం నుండి బయలుదేరడానికి ముందే ఆ అరగంట కూర్చోవచ్చు. ఒక నోటు పుస్తకంలో ఒక్కటే పుట. చేతిలోనూ బ్యాంకులోనూ ఉన్న రొక్కం ఎంత, మనకు రావలసింది ఎంత, అందులో గడువు దాటినది ఎంత, మనం ఇవ్వవలసింది ఎంత, రాబోయే నాలుగు వారాల్లో తప్పక చెల్లించవలసిన జీతాలు, కిస్తీలు, పన్నులు ఎంత. కంప్యూటరు ఉన్నవారు కూడా ఈ పుట చేత్తోనే రాయమని నా సలహా. గడువు దాటిన బాకీ పేరును వరుసగా మూడు వారాలు సొంత చేతితో రాసినవాడు నాలుగో వారం ఫోను చేయకుండా ఉండలేడు. ఇంట్లో నగలు ఏవైనా తాకట్టులో ఉంటే అది కూడా ఆ పుటలోనే రాయండి, భార్యాభర్తలు ఇద్దరూ చూసేటట్లు రాయండి. చాలా ఇళ్లలో ఒకరికి తెలిసి ఒకరికి తెలియని అప్పు అదే.

ఆ గృహిణి ఏం చేశారని వెనుక వరుసలోని వారు చీటీ పంపారు. అర్చకులను సంప్రదించి, కూలి, బాకీలు, పన్ను, తన జీతం పోగా మిగిలినదానిలో పదో వంతు అని మొక్కును స్పష్టం చేసుకున్నారు. ఏడాదికి ఒక్కసారి, లెక్కలు మూసిన తరువాతే చెల్లిస్తున్నారు. గొలుసు విడిపించుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. బజారువారు 45 రోజులకు ఒప్పుకోలేదు, 50కి వచ్చారు.

ప్రసాద వితరణ ముగిసేవరకు నేను ఈ మండపంలోనే ఉంటాను. మాట్లాడదలచినవారు గత ఆరు నెలల బ్యాంకు వివరాలు, అప్పుల జాబితా వెంట తీసుకొని రండి. జాబితాలో చేబదుళ్లు కూడా ఉండాలి.