పిల్లల వార్డులో డాక్టరు మాట

పిల్లల వైద్యంలో రోగి ఒకరు, నిర్ణయం తీసుకునేది మరొకరు. సంతకం తల్లిదండ్రులది, సూది నొప్పి బిడ్డది. అందుకే ఇద్దరితోనూ మాట్లాడే తీరు డాక్టరు నేర్చుకోవాలి.

మన దేశంలో 2019లో చేరిన ఎంబీబీఎస్ విద్యార్థుల నుంచి నడవడిక, నీతి, సంభాషణ పాఠ్యాంశాలయ్యాయి. మంచి పని. పరిశోధనల విషయంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఇంకా స్పష్టం: 7 నుంచి 12 ఏళ్ల పిల్లల సమ్మతి నోటిమాటగా, ఆపై వయసువారిది రాతపూర్వకంగా తీసుకోవాలి. తల్లిదండ్రుల అంగీకారం ఎలాగూ కావాలి.

అయితే పీజీ డాక్టరు అసలు పాఠం నేర్చుకునేది రౌండ్లలోనే. పెద్ద డాక్టరు మంచం పక్కన కూర్చుని, "ఏం నాన్నా, ఎక్కడ నొప్పి?" అని ముందు బిడ్డనే అడిగితే ఆ అలవాటు చిన్న డాక్టరుకూ వస్తుంది. వరండాలో నడుస్తూనే తల్లికి చెడ్డవార్త చెప్పేస్తే అదీ వస్తుంది. అందుకే అలాంటి సంభాషణలను ముందుగా సాటివారితో నటింపజేసి, సీనియర్లు దగ్గరుండి సరిదిద్దాలి. రాత్రంతా డ్యూటీలో నలిగిన మనిషికి కాస్త నిద్ర కూడా దక్కాలి, లేకపోతే ఓర్పు ఎక్కడి నుంచి వస్తుంది?

బోధనాసుపత్రుల పెద్దలకు నా విన్నపం: పీజీ పరీక్షల్లో రోగనిర్ధారణకు వేసినట్టే, తల్లితో, బిడ్డతో మాట్లాడిన తీరుకూ మార్కులు వేయండి.