మైకు ముందు పిల్లలు



మాస్టారి స్మారక సభలో మాట్లాడమని కబురొచ్చినప్పుడు కాస్త జంకాను. ఆయన చివరిదాకా ‘చందమామ’ పత్రిక పక్షం. తెలుగు పిల్లలకి తమదంటూ ఒక లోకం 1947 జూలైలో, చందమామ తొలి సంచికతో వచ్చిందని ఆయన వాదం. నాది రేడియో పక్షం. ఈ బెంగళూరులోనే, వారి వరండాలో, ఇద్దరం గొంతులు పెంచుకున్న సాయంత్రాలున్నాయి. ఆయనకి నచ్చని మాట ఆయన స్మారక సభలో చెప్పొచ్చా అని వాళ్ళమ్మాయిని అడిగితే, మీరు ఒప్పేసుకుంటే నాన్నగారికి మరీ నచ్చదు అన్నారు. అంచేత ఒప్పుకోను.

రేడియోకి ముందున్న జోలపాటలు, తోలుబొమ్మలాట, పెద్దబాలశిక్ష మీకు తెలిసినవే. పందొమ్మిదో శతాబ్దపు నీతికథల వాచకాలు చదవబోయి నిద్రపోయాను, వాటినీ వదిలేద్దాం. నేరుగా మద్రాసు వెళ్దాం.

1938 జూన్ 16న అక్కడ ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమం చేపట్టి తెలుగువారందరికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. ఇంతవరకూ అందరూ రాసిందే. ఆ స్టూడియో గదిలో ఏం జరిగేదన్నది మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నా పనల్లా అక్కడే.

అప్పట్లో టేపు మీద పట్టి, తప్పులు కోసేసి వినిపించే సదుపాయం లేదు. పిల్లలు పాడింది పాడినట్టే వెళ్ళిపోయేది. చిన్నప్పుడు ఆ మైకు ముందు పాడిన ఒక పెద్దావిడ ఇప్పుడు మల్లేశ్వరంలో ఉంటున్నారు. అప్పటి నియమాలు ఆవిడే చెప్పారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఆడపిల్లలు గాజులు తీసి బల్లమీద పెట్టాలి. కాగితం గలగలమనకూడదు. ఎర్రదీపం వెలిగాక దగ్గొచ్చినా మింగెయ్యాలి. దీపం ఆరగానే అందరూ ఒక్కసారిగా దగ్గేవారట! ఆవిడకి ఆనాటి పాట సగమే గుర్తుంది; ఆ దగ్గు మాత్రం నాకు దగ్గి చూపించారు. తమ మాట ఎక్కడో కాకినాడలోనో కర్నూలులోనో ఎవరో వింటున్నారని ఎనిమిదేళ్ళ పిల్లకి తెలుసు. తెలుగునేల మీద అంతకుముందు ఏ తరం పిల్లలకీ ఆ అనుభవం లేదు.

ఈ అన్నయ్య, అక్కయ్యల ఇంటినుంచే 1945లో ‘బాల’ పత్రిక వచ్చింది. బుజ్జి పిల్లలకి అందులో లటుకు-చిటుకుల కథలుండేవి. ఇంకా ముఖ్యం, పిల్లలు రాసినవీ వేసుకునేవారు. 1931లో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ, 1933లో పుట్టిన బాపు, ఇద్దరూ నిక్కర్ల వయసులోనే ‘బాల’లో కనిపిస్తారు. తర్వాత వచ్చిన వాళ్ళ ‘బుడుగు’లో పెద్దవాళ్ళని నిలదీసే ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, నేను బాలానందం వైపే వేలు చూపిస్తాను.

ఇక్కడ చందమామ మిత్రులు కుర్చీల్లో కదులుతున్నారు. కదలండి, పరవాలేదు. చందమామ గొప్పదనం నేను కాదనను. 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపిన తెలుగు ఎంత తేటగా ఉంటుందో ఇవాళ్టి సంపాదకులు చూసి నేర్చుకోవాలి. మహాభారతం అట్టబొమ్మలు వేసిన ఎం.టి.వి. ఆచార్య మన కర్ణాటకవారే. కానీ అందులో పిల్లవాడి మాట ఎక్కడుంది? ఫోటోలకి వ్యాఖ్య రాసి పంపే పోటీలో ఉంది. ఆ పోటీలో గెలిచేదీ చాలాసార్లు పెద్దవాళ్ళేనని నా అనుమానం.

చరిత్ర రాసేవాళ్ళకి బీరువాలో దొరికినదే చరిత్ర. చందమామ బైండు పుస్తకాలు దొరికాయి కాబట్టి మొదలు అక్కణ్ణుంచి. రేడియో మాట గాలిలో కలిసిపోయింది కాబట్టి దానికి ఒక పేరా. ఇలాంటిది ఈ ఊళ్ళోనూ జరిగింది. అమర్ చిత్ర కథ బొమ్మల పుస్తకాలు అనగానే అనంత్ పై, ‘కృష్ణ’ అంటారు. ఆ ‘కృష్ణ’ సంచిక నంబరు 11. ముందు పదీ ఏవి? 1965లో బెంగళూరు పుస్తకాల వ్యాపారి జి.కె. అనంతరామ్ పూనుకుని కన్నడంలో తెచ్చిన పాశ్చాత్య కథలు. అట్టమీద నంబరు కనబడుతున్నా ఎవరూ అడగలేదు!

రేడియో ఎందరిళ్ళలో ఉందని మాస్టారు నన్ను గుచ్చేవారు. తక్కువే. పార్కుల్లో, పంచాయతీ ఆఫీసుల ముందు గుంపుగా వినేవారు. మైకు దాకా చేరగలిగినవాళ్ళు మద్రాసులో చదువుకున్న ఇళ్ళ పిల్లలే కదా అనీ అనేవారు. దానికి నా దగ్గర జవాబు లేదు. చందమామ కొనగలిగిన ఇళ్ళు మాత్రం ఎన్నని ఎదురడిగి తప్పించుకునేవాణ్ణి.

1956లో అన్నయ్య, అక్కయ్య హైదరాబాదు వెళ్ళారు. 1959లో ‘బాల’ ఆగింది.

ఇక టీవీ. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ ప్రయోగంలో, అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి కార్యక్రమాలు చేరాయి. పొద్దున బడి పిల్లలకి 22 నిమిషాల పైచిలుకు కార్యక్రమం. ఆంధ్ర పల్లెలూ ఉన్నాయి, కర్ణాటక పల్లెలూ ఉన్నాయి. ఆ ఉపగ్రహం ఒకే బొమ్మని రెండు భాషల మాటలతో పంపగలదు. తిరిగి పల్లెనుంచి పిల్లవాడి గొంతు పంపే దారి మాత్రం దానికి లేదు. నా దృష్టిలో పిల్లలు ప్రేక్షకులుగా మారింది ఆ ఏడాదే.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఇంక పది నిమిషాలేనట. 1977లో హైదరాబాదు దూరదర్శన్, 1995లో ఈటీవీ, 2009లో తెలుగుకి ఖుషీ టీవీ, కన్నడానికి చింటు టీవీ. వీటి మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు, క్షమించండి. 2013 నాటికి చందమామా ఆగిపోయింది. మాస్టారు ఆ రోజుల్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

తర్వాతి కథంతా మన ఊళ్ళోనే. ఫోను వదలలేని పిల్లల కోసం, పెద్దల కోసం 2014లో నిమ్హాన్స్ షట్ క్లినిక్ తెరిచింది. 2015లో ప్రథమ్ బుక్స్ స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు పెట్టి, పిల్లల కథలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, తెలుగు చేసుకోవచ్చు అంది. యూట్యూబులో మీ మనవలు చూసే తెలుగు బొమ్మల పాటలు తయారుచేసే ఇన్ఫోబెల్స్ కూడా ఇక్కడిదే. కోవిడ్ రోజుల్లో, 2020 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం చిన్న తరగతులకి ఆన్‌లైన్ పాఠాలు వద్దంది. జూలైలో హైకోర్టు ఆ ఉత్తర్వు ఆపింది. ఒక్కోదానికీ ఒక్కో ఉపన్యాసం కావాలి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఫోను పట్టుకుని వీడియో తీసుకునే పిల్ల మళ్ళీ మైకు ముందుకొచ్చినట్టే. గాజులు తియ్యమని చెప్పే అక్కయ్య ఆ గదిలో లేదు. అన్న మాట చెరిగిపోదు కూడా. షట్ క్లినిక్‌లు కావలసిందే. అక్కయ్య పని ఎవరు చేస్తారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న, నేటి బాలసాహిత్య సభలు దాన్ని ముట్టుకోవడం లేదు.

మీలో ఎవరింట్లోనైనా పాత ‘బాల’ సంచికలు, బాలానందం ఫోటోలు, చేతిరాత పాటల నోటుపుస్తకాలు ఉంటే దయచేసి కాగితాలవాడికి వెయ్యకండి. ఆ మైకు ముందు నిలబడ్డ అమ్మమ్మలూ తాతయ్యలూ ఉంటే ఇంకా తొందర. వాళ్ళ మాటలు రికార్డు చెయ్యాలి. బయట పుస్తకాల బల్ల దగ్గర ఒక నోటుబుక్కు పెట్టాం. మీ పేరు, ఫోను నంబరు రాసి వెళ్ళండి. నేనే మీ ఇంటికి వస్తాను.