వృద్ధుల యూపిరి - మన చేతిపని



క్షౌరము, మంగళవాద్యము, మంత్రసానితనము, కురుపులకు కట్టుకట్టుట, ఒడలు మర్దించుట - ఇవి మన నాయీబ్రాహ్మణులకు తరతరములుగ వచ్చిన విద్యలు. వీనిలో మర్దనవిద్య ముసలివారి యాయాసమునకు ఎంతవరకు పనికివచ్చునో నేడు విన్నవించెదను.

వయస్సు మీఱినకొలది ప్రక్కటెముకలను ఱొమ్ముటెముకతో గలుపు మృదులాస్థి గట్టిపడును. వెన్ను ముందునకు వంగును. ఱొమ్ముగూడు బిగియుటచే ఊపిరి పీల్చుటయే యొక శ్రమయగును. అంతట వృద్ధులు భుజము లెత్తి, మెడకండరములతో గాలిని లాగుకొందురు. ఆ కండరములును నొచ్చి బిగిసి, అలసట మఱింత హెచ్చును.

ఇచ్చట చేయి కొంత తోడ్పడగలదు. వృద్ధులను కుర్చీలో కూర్చుండబెట్టి, మెడను, భుజములను, వీపును మెల్లగ రాయవలెను. పిదప రెండరచేతులను క్రింది ప్రక్కటెముకలపై నుంచి, ఊపిరి విడుచునపుడు సుతారముగ నొత్తి, పీల్చునపుడు వదలవలెను. ముక్కుతో పీల్చి, ఈలవేయునట్లు పెదవులు మొనచేసి, రెట్టింపు సేపు విడువుడని చెప్పవలెను.

అయినను హాయి వేఱు, స్వస్థత వేఱు. దీర్ఘకాలపు శ్వాసవ్యాధిగల వృద్ధులపై అమెరికాలో జరిపి 2008లో ప్రకటించిన యొక పరీక్షయందు, ఒక్కమారు హస్తచికిత్స చేసిన పిదప ఊపిరితిత్తులలో చిక్కుకొను గాలి తగ్గుటకు మాఱు పెరిగినది. కావున వైద్యుడిచ్చిన పీల్పుమందు మానుడని మనము ఎన్నడును చెప్పరాదు. ఎముకలు గుల్లబారినవారి ఱొమ్మును గట్టిగ నొత్తరాదు, ప్రక్కటెముక విఱుగవచ్చును. కూర్చున్నచోటనే ఆయాసపడువారిని, పెదవులు నల్లబడినవారిని, ఱొమ్మునొప్పిగలవారిని తక్షణమే ఆసుపత్రికి పంపవలెను.

అన్నిటికన్న ముఖ్యమైన మాట యొకటి. మన దుకాణములలో మర్దనానంతరము మెడను ఱివ్వున త్రిప్పి విఱుచు అలవాటు కలదు. ఊపిరికి ప్రధానమైన ఉదరవితానమును నడుపు నరములు మెడనుండియే బయలుదేరును. 2017లో ఢిల్లీ ప్రాంతమున క్షౌరశాలలో మెడ విఱిపించుకొనిన యొకనికి ఆ నరములు దెబ్బతిని, యంత్రసహాయముతో ఊపిరి తీయవలసి వచ్చెనని వైద్యులు తెలిపిరి. మెదడునకు పోవు రక్తనాళములును ఇందువలన చీలవచ్చును. వాడుకరి కోరినను ఈ పనిని మానుదమని ఈ మహాసభ తీర్మానింపవలెనని నా ప్రార్థన.

పోషకులు మన బాలబాలికలకు ఫిజియోథెరపీ చదువునకై విద్యార్థివేతనము లొసగినచో, తాతల చేతివాటమునకు శాస్త్రజ్ఞానము తోడగును. ధన్వంతరిని కొలుచు మనము, మనలను నమ్మి తల వంచి కూర్చున్నవారికి కీడు చేయకుండుటయే ఆయనకు చేయు తొలిపూజ.