నెలనెలా ఖాళీ అయ్యే చోటు

 

మేం టీచర్లం. హాజరు పట్టీ తిరగేస్తే కొందరు ఆడపిల్లలు ప్రతినెలా రెండు మూడు రోజులు బడికి రావడం లేదని తెలుస్తుంది. అడిగితే "జ్వరం మేడమ్" అంటారు. అసలు సంగతి నెలసరి నొప్పి. "పెళ్లయితే తగ్గిపోతుందిలే అమ్మా" అని మేమూ చాలా ఏళ్లు సర్దిచెప్పాం. అది మా పొరపాటు.

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం సంచి బయట పెరిగితే ఎండోమెట్రియోసిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన, పిల్లలు పుట్టే వయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఈ జబ్బు ఉంది. దీనికి ఎక్కువగా ఇచ్చేవి హార్మోను మాత్రలే. అవి అందరికీ పడవు. పెళ్లికాని పిల్లకు వేయాలంటే తల్లులు జంకుతారు.

అందుకే అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు హార్మోను కాని కాబర్గోలిన్‌ను పరీక్షించారు. ప్రొలాక్టిన్ ఎక్కువైన వారికి ఏళ్లుగా వాడుతున్న మందే ఇది. ఆ కణజాలానికి కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపుతుందని వారి ఆశ. ఎవరికి ఏ మందో చెప్పకుండా, హార్మోను మాత్రతో పోల్చి చూశారు. 2021లో ఫలితం ప్రచురించారు. నొప్పి తగ్గింది. కాని పాల్గొన్నది పదిమంది లోపే. పెద్ద పరీక్షలు జరిగితేగాని నమ్మకంగా చెప్పలేం.

అందాకా మన పిల్లలు ఓర్చుకోవాలా? స్కాలర్‌షిప్పుతో పాటు లేడీ డాక్టరు ఫీజు, మందుల ఖర్చు కూడా మన సాయంలో చేర్చమని కోరుతున్నాం. నొప్పి ఉందని చెప్పిన పిల్లను ముందు నమ్ముదాం.