పక్కింటోడి చెయ్యి

ఉక్కపోతగా ఉంది, మీ గౌన్లు నల్లవి, కాబట్టి పేరుపేరునా పలకరింపులు వదిలేస్తున్నాను. ఫిజియోథెరపీ పట్టా పుచ్చుకున్న పిల్లలకు అభినందనలు.

ఉక్కునగరం నుంచి నా దగ్గరికి ఒక క్రేను ఆపరేటరు వచ్చేవారు. రిటైరైన ఏడాదే పక్షవాతం, ఎడమ చెయ్యి పడిపోయింది. నాకప్పటికే 20 ఏళ్ళ అనుభవం. ఆ ధీమాతోనే తప్పు చేశాను. మూడు వారాలు చెయ్యి ఎత్తించాను, వంచాను, లెక్కపెట్టాను. కదలిక వచ్చింది. ఇంట్లో మాత్రం ఆ చేత్తో గ్లాసైనా ముట్టరు. కేసు షీట్లో 'బద్ధకం' అని రాసేశాను.

ఓ రోజు ఆయన భార్య, "చెయ్యి ఒంటి కింద నలిగిపోతున్నా చూసుకోరమ్మా" అంది. అప్పటికి బుద్ధి వచ్చి ఆయన్నే అడిగాను, ఆ చెయ్యి మీకెలా అనిపిస్తోందని. గొంతు తగ్గించారు. "నాది కాదమ్మా. పక్కింటోడిది తెచ్చి నా ఒళ్ళో పెట్టినట్టుంది. చెబితే పిచ్చంటారని..."

1966లో బడి ఎగ్గొట్టి 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని అరిచిన మనిషి, తన చెయ్యి తనదని అనలేకపోయారు!

మెదడు కుడివైపు దెబ్బతింటే ఎడమ ఒళ్ళు ఎరుకలోంచి జారిపోవచ్చని మీరు పరీక్షలో రాశారు, మార్కులూ తెచ్చుకున్నారు. మరి వార్డులో మీ షీట్లు చూశాను. కండబలం రాశారు, బిగుతు రాశారు. స్పర్శ, స్థితిజ్ఞానం దగ్గర? 'చూడలేదు'. సిగ్గు లేదర్రా? కళ్ళు మూయించి వేలు పైకుందా కిందికుందా అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? మీ ఫోనుల్లో రీలు చూసినంతసేపు కూడా పట్టదు.

మళ్ళీ ఆయన సంగతికొస్తే, పూర్ణా మార్కెట్లో ఓ అద్దం కొన్నాను. ఎడమ చెయ్యి అద్దం వెనక, కుడి చెయ్యి ముందు. కుడిది కదిలిస్తే ఎడమదే కదిలినట్టు కంటికి కనిపిస్తుంది. మెదడు శాస్త్రవేత్త రామచంద్రన్ బృందం తొమ్మిదిమంది పక్షవాత రోగులతో చేసి 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో రాసిన ఉపాయమే. మంత్రం కాదు, అందరికీ పనిచేయదు. దానితోపాటు రోజూ ఆ చేతికి ఆయన చేతే నూనె రాయించాను, తువ్వాలుతో తుడిపించాను. "హుక్కు కనబడకుండా క్రేను నడపమంటే ఎలాగమ్మా, ఇన్నాళ్ళూ నువ్వు చేయించింది అదే" అని దెప్పారు. పడ్డాను.

నాలుగో నెల్లో, నా ముందే ఎడమ మోచేతి మీద దోమ వాలింది. ఫట్‌మని కొట్టి, "నా చెయ్యి కుట్టేసింది వెధవ దోమ" అన్నారు. గ్లాసు పట్టు ఇంకా కుదరలేదు. షీటు తెరిచి 'బద్ధకం' కొట్టేసి, ఆ దోమ సంగతి రాసుకున్నాను.